భరణి పెత్తనం దొడ్డవరం ఆడపడుచుదే

ఆడపిల్ల కాస్త గొంతు పెంచి మాట్లాడితే "అబ్బో, భానుమతి బయలుదేరిందండీ" అనే మాట ఒంగోలు, గుంటూరు ప్రాంతపు పల్లెల్లో ఒక తరం వారు బాగా ఎరిగినదే. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అన్న మనిషిని బట్టి ఉండేది. అత్తగారు అంటే ఎత్తిపొడుపు. నాయనమ్మ అంటే మాత్రం మురిపెం. ఏదైనా ఆ మాట విన్న పిల్ల మనసులో ఒక మనిషి రూపం కట్టేది: నిటారుగా నిలబడి, ఎదుటివాడి కళ్లలోకి సూటిగా చూస్తూ, తాను చెప్పదలచుకున్నది చెప్పి మరీ కూర్చునే ఆడమనిషి.

ఆ మనిషి ఈ ప్రాంతపు ఆడపడుచే. పి. భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలుకు సమీపంలోని దొడ్డవరం గ్రామంలో జన్మించారు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలో భాగం. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అందుకే గుంటూరు వారు, ప్రకాశం వారు కూడా భానుమతి మావారంటే మావారని చెప్పుకోవడం కద్దు.

నటిగా, గాయనిగా ఆమెను ఎరుగని తెలుగువారు లేరు. అయితే ఆమె చేసిన మరో పని గురించి చెప్పుకునేవారు తక్కువ. భర్త దర్శకుడు కాగా, ఆ ఇంటి సినిమా కంపెనీకి, స్టూడియోకి యజమానురాలిగా నిలబడి దశాబ్దాల పాటు వ్యవహారం నడిపిన ఇల్లాలు ఆమె. పొగరుబోతు అన్న పేరు ఆమెకు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ సంగతి దగ్గర నుంచే మొదలు పెట్టాలి.

తండ్రి పెట్టిన షరతు

తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతమంటే ప్రాణం పెట్టే మనిషి. కూతురికి చిన్ననాడే సంగీతం నేర్పించారు. తల్లి సరస్వతమ్మగారు. సినిమాల్లోకి ఆడపిల్లను పంపడమంటే ఆ రోజుల్లో ఊరంతా నోరు నొక్కుకునే విషయం. అలాంటిది 1939లో సి. పుల్లయ్యగారు కాళ్లకూరి నారాయణరావుగారి "వరవిక్రయం" నాటకాన్ని సినిమాగా తీస్తూ కాళింది పాత్రకు ఈ పిల్లను ఎంచుకున్నారు. కట్నాల దురాచారం మీద రాసిన ఆ నాటకం మన పల్లెల్లో అప్పటికే ప్రసిద్ధం. పద్నాలుగేళ్లు నిండని పిల్ల కలకత్తా వెళ్లి ఆ వేషం వేసి వచ్చింది.

కూతురిని పంపేటప్పుడు వెంకటసుబ్బయ్యగారు నిర్మాతలకు ఒక షరతు పెట్టారు. వేషంలోనైనా సరే, మగ నటులు తమ పిల్లను తాకరాదు, కౌగిలింతలు ఉండరాదు. తండ్రిగా ఆయన భయం ఆయనది. కానీ పనికి ఒప్పుకునే ముందే మన షరతు మనం చెప్పుకోవాలి, చెప్పిన మాటను ఎదుటివారి చేత నిలబెట్టించుకోవాలి అన్న పాఠం ఆ పిల్లకు అక్కడే అబ్బింది. కాలక్రమంలో తండ్రి స్థానంలో తానే నిలబడి షరతులు చెప్పడం మొదలు పెట్టింది. అప్పటి నుంచే లోకం ఆమెను చూసి "ఆడదానికి ఇంత బెట్టా?" అనడం ఆరంభించింది.

అసిస్టెంటు డైరెక్టరుతో పెళ్లి

"కృష్ణప్రేమ" చిత్రం తీసే రోజుల్లో పాలువాయి రామకృష్ణారావు అనే యువకుడు అక్కడ అసిస్టెంటు డైరెక్టరుగా ఉండేవారు. హీరోయిన్‌కూ అసిస్టెంటు డైరెక్టరుకూ జీతాల్లోనూ హోదాలోనూ ఎంత తేడా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. భానుమతి ఆయనను ఇష్టపడ్డారు. 1943 ఆగస్టు 8న వారి వివాహం జరిగింది. ఆస్తి చూసి, అంతస్తు చూసి పిల్లనిచ్చే ఆచారం బలంగా ఉన్న ప్రాంతం నుంచి వెళ్లిన పిల్ల, తన మనసు చెప్పిన మనిషిని ఎంచుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

పెళ్లయ్యాక ఆమె సినిమాలు మానుకుని ఇల్లు చూసుకోవాలనే అనుకున్నారు. భర్తకు కూడా ఆమె నటించడం ఇష్టం లేదు. వాహినీ సంస్థలో బి.ఎన్. రెడ్డిగారు "స్వర్గసీమ" తలపెట్టి, సుజాత పాత్రకు ఈమే కావాలని పట్టుబట్టారు. చివరకు భర్త సరే అన్నారు. 1945లో ఆ చిత్రం విడుదలైంది. అందులో ఆమె పాడిన పావురం పాట ఊరూరా మోగింది. గ్రామఫోను పెట్టె ఉన్న ఇంటి అరుగు మీద జనం చేరి మళ్లీ మళ్లీ వేయించుకుని విన్న పాటల్లో అదొకటి.

ఇల్లు చూసుకోవాలనుకున్న ఇల్లాలు అలా మళ్లీ బయటికి వచ్చింది. అయితే ఈసారి ఊరికే వేషం వేసి వచ్చేందుకు కాదు, సొంత వ్యవహారం పెట్టుకునేందుకు.

కొడుకు పేరున కంపెనీ

1947లో దంపతులు సొంత చిత్ర నిర్మాణ సంస్థ ప్రారంభించారు. కొడుకు పేరు మీదుగా దానికి భరణి పిక్చర్స్ అని పేరు పెట్టారు. తొలి చిత్రం "రత్నమాల" 1948లో వచ్చింది. 1949లో వచ్చిన "లైలామజ్ను" పెద్ద విజయం సాధించింది. అక్కినేని నాగేశ్వరరావు మజ్నుగా, ఆమె లైలాగా నటించారు. తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణి స్టూడియో కూడా వెలిసింది. "ప్రేమ", "చండీరాణి", "చక్రపాణి", "విప్రనారాయణ", "చింతామణి", "వరుడు కావాలి", "బాటసారి" వంటి చిత్రాలు ఆ సంస్థ నుంచే వచ్చాయి. తెనాలి దగ్గరి మోరంపూడి వాసి కొంగర జగ్గయ్య కథానాయకుడుగా నటించిన "వరుడు కావాలి" 1957 నాటిది.

వీటిలో ఎక్కువ చిత్రాలకు దర్శకుడు రామకృష్ణారావుగారే. ఆయన నెమ్మదస్తుడని, తక్కువ మాట్లాడే మనిషి అని సినిమావారు చెప్పుకునేవారు. బేరసారాలు, ఒప్పందాలు వచ్చేసరికి వినిపించే గొంతు భానుమతిది. కథ ఆమె చదవాలి, పాట ఆమె వినాలి. "చక్రపాణి" (1954) చిత్రానికి సంగీత దర్శకత్వం కూడా ఆమే వహించారు.

సినిమా వ్యాపారం అంటే మిర్చి వ్యాపారం తెలిసిన వారికి అర్థం కానిదేమీ కాదు. పంట చేతికి రాక ముందే కమీషను వ్యాపారి రైతుకు పెట్టుబడి ఇస్తాడు. కాయ ఎండి యార్డుకు చేరాక తన బాకీ తాను చూసుకుంటాడు. సినిమాలోనూ అంతే. చిత్రం సగం తయారు కాక ముందే డిస్ట్రిబ్యూటర్లు అడ్వాన్సులు ఇస్తారు. ఆ డబ్బుతోనే షూటింగు సాగుతుంది. బొమ్మ ఆడితే సరి. ఆడకపోతే అప్పు మాత్రం మిగులుతుంది. తాలు కాయ వచ్చినా తేజీ పోయినా రైతు నెత్తి మీద పడ్డట్టే, బొమ్మ పోతే నిర్మాత నెత్తి మీద పడుతుంది. నటించినవారికి నష్టం ఉండదు. భానుమతి మాత్రం నటీమణి, నిర్మాత కూడా కనుక రెండు వైపుల బరువూ ఆమెదే.

బరువు పడిన సందర్భాలు లేకపోలేదు. కాళ్లకూరి వారి "చింతామణి" నాటకం అంటే మన పల్లెల్లో ఎంత మోజో తెలిసిందే. రాత్రి మొదలైతే తెల్లవారే దాకా జనం కదిలేవారు కారు. అదే కథను 1956లో భరణి వారు ఎన్.టి. రామారావుతో తీస్తే ఆదరణ దొరకలేదు. పంట పోయిన ఏడు తర్వాత మళ్లీ దుక్కి దున్నే రైతులా, మరుసటి ఏడే ఆ సంస్థ ఇంకో బొమ్మతో ముందుకు వచ్చింది.

మూడు భాషల్లో ఒకేసారి

1953లో వచ్చిన "చండీరాణి"కి ఆమే దర్శకురాలు. తెలుగు సినిమాకు దర్శకత్వం వహించిన తొలి మహిళగా ఆమెను చెబుతారు. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీసిన ఆ చిత్రంలో ఆమెది ద్విపాత్రాభినయం. కెమెరా ముందు రెండు వేషాలు, కెమెరా వెనుక దర్శకత్వం, పాటలు, పైగా ఇంటి కంపెనీ జమాఖర్చులు. ఒక కోత కాలంలో ఇంటి ఇల్లాలు వంట, పశువులు, కూలీల లెక్క, పిల్లల బడి అన్నీ చూసుకోవడం మన వారికి కొత్త కాదు. కానీ ఇంట్లో చేస్తే "ఓపికమంతురాలు" అనే లోకం, అదే పని బజారులో నిలబడి చేస్తే "మగరాయుడు" అంటుంది.

మిస్సమ్మ తగువు

ఆమె నిక్కచ్చితనం గురించి చెప్పుకోవలసి వస్తే అందరూ ముందుగా ఎత్తేది "మిస్సమ్మ" సంగతే. విజయా వారి ఆ చిత్రంలో మేరీ పాత్రకు తొలుత తీసుకున్నది భానుమతినే. కొన్ని రీళ్లు చిత్రీకరణ కూడా జరిగింది. ఒకరోజు ఇంట్లో వరలక్ష్మీ వ్రతం కారణంగా ఆమె షూటింగుకు ఆలస్యంగా వెళ్లారని, నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ కోరుతూ ఉత్తరం రాసి ఇవ్వమన్నారని, ఆమె ససేమిరా అన్నారని, దాంతో తీసిన రీళ్లను ఆయన పక్కన పారేశారని చెప్పుకుంటారు. ఇద్దరూ మాటకు కట్టుబడే మనుషులే. ఎవరిది తప్పు అన్న వాదన అరుగుల మీద తరాల పాటు సాగింది.

ఆ చిత్రంలోనే రెండో నాయిక పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ అయ్యారు. 1955లో "మిస్సమ్మ" విడుదలై సావిత్రిని అగ్రస్థానంలో కూర్చోబెట్టింది. ఒకరి పంతం వల్ల మరొకరికి వెలుగు వచ్చింది. ఆ వెలుగు దక్కిన సావిత్రి కూడా మన ప్రాంతపు పిల్లే, మంగళగిరి సమీపంలోని చిర్రావూరు నుంచి వచ్చినది. పోగొట్టుకున్న వేషం విలువ భానుమతికి తెలియకపోలేదు. రాతపూర్వకంగా తల వంచడం మాత్రం ఆమె లెక్కల్లో లేదు.

అరవ దేశంలోనూ అదే తీరు

తమిళంలోనూ ఆమె అగ్రతారే. అన్నాదురైగారు ఆమెను నటనకు వ్యాకరణం అని శ్లాఘించారు. ఎం.జి. రామచంద్రన్‌తో "మలైక్కళ్లన్", "మదురై వీరన్" వంటి విజయవంతమైన చిత్రాల్లో నటించారు. ఆయన సొంతంగా నిర్మించి, తొలిసారి దర్శకత్వం వహించిన "నాడోడి మన్నన్" (1958) సమయంలో మాత్రం ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. ఆమె తప్పుకున్నారు. ఆ చిత్రంలో ఆమె పాత్ర మధ్యలోనే ముగిసిపోతుంది. ఎం.జి.ఆర్. అంటే లక్షల మంది హారతులు పట్టే రోజులవి.

కథ అక్కడితో ఆగలేదు. ఎం.జి.ఆర్. తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే, 1985లో, ఆ రాష్ట్ర ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా భానుమతి నియమితులయ్యారు. మొహమాటం లేకుండా ఎదురు చెప్పిన మనిషి చేతికే సంగీతం చదువుకునే పిల్లలను అప్పగించారు. ముఖం మీద మాట్లాడే మనిషితో పని కష్టం గానీ, నమ్మకానికి లోటుండదన్న మాటకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కర లేదు.

ఒకే గాలిలో పెరిగిన ముగ్గురు

భానుమతి గట్టిదనం విలువ తెలియాలంటే ఇదే ప్రాంతం నుంచి మద్రాసు వెళ్లిన మరో ఇద్దరిని తలచుకోవాలి. తెనాలి వైపు నుంచి వెళ్లిన కాంచనమాల 1930లలో తెలుగు తెరకు అందాల రాణి. ఆమె బొమ్మ ఉన్న క్యాలెండరు లేని ఇల్లు లేదనేవారు. "బాలనాగమ్మ" (1942) తర్వాత ఒక కంపెనీతో చేసుకున్న ఒప్పందం చిక్కుల్లో పడి వేరే చిత్రాలు చేయలేకపోయారని, ఆ దిగులుతోనే మనసు చెదిరిందని సినిమా చరిత్రలో చెబుతారు. ఒక కాగితం మీద సంతకం ఆమె బతుకును కట్టిపడేసింది.

సావిత్రి సంగతి తెలియనివారు లేరు. అడిగిన వారికి లేదనకుండా పెట్టిన చేయి ఆమెది. సొంతంగా చిత్రాలు తీసి నష్టపోయారు. పన్నుల బాధలు చుట్టుముట్టాయి. ఆస్తులు కరిగిపోయాయి. 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూశారు.

ప్రతిభలో ముగ్గురిలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. మంచితనం లోపించిందని కూడా ఎవరినీ అనలేం. కాంచనమాల, సావిత్రి చుట్టూ వారిని మెచ్చుకునే వారు వేలాదిగా ఉన్నారు గానీ, "ఈ కాగితంలో ఏముంది, ఈ రూపాయి ఎక్కడికి పోతోంది?" అని అడిగే మనిషి గట్టిగా నిలబడలేదు. భానుమతి విషయంలో ఆ ప్రశ్న అడిగే మనిషి భానుమతే. లోకం పొగరు అన్నది ఆ ప్రశ్ననే.

పల్లెలో దీని సంగతి ఏమిటి?

ఇదంతా సినిమావారి గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. పత్తి తీసేది ఆడవారు. మిరపకాయ కోసేది, కల్లంలో ఎండబెట్టేది, తాలు ఏరేది, తొడిమలు తీసేది ఆడవారు. గుంటూరు యార్డులో కాటా వేశాక వచ్చే చీటీ మాత్రం మగవారి పేరున ఉండటమే రివాజు. పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఇచ్చిన ఎకరం సైతం ఎవరి సంతకంతో అమ్ముడుపోయిందో ఆ ఇల్లాలికే తెలియని ఇళ్లు ఉండేవి.

భానుమతి కంపెనీ పెట్టింది 1947లో. హిందూ స్త్రీకి వారసత్వ ఆస్తి మీద పూర్తి హక్కునిచ్చిన చట్టం వచ్చింది 1956లో. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం తెచ్చి 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. అంటే చట్టం ఆడవారి దగ్గరకు నడిచి వచ్చేలోపే ఈ దొడ్డవరం ఆడపడుచు తన వ్యవహారం తాను చక్కబెట్టుకున్నది.

అయినా మన పల్లెల్లో అలాంటి ఇల్లాళ్లు లేకపోలేదు. గింజ గింజా లెక్క చూసి కొంగున ముడి వేసి, పాలేళ్ల జీతం, వడ్డీ వ్యాపారి బాకీ, పిల్ల పెళ్లి ఖర్చు నోటి లెక్కన చెప్పగలిగిన అమ్మమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఊరివారు వెనుక గయ్యాళి అనేవారు. కరువు ఏడు వస్తే మాత్రం అప్పు కోసం వెళ్లేది ఆ గయ్యాళి గడపకే. వారికీ భానుమతికీ తేడా ఒక్కటే. వారి పేరు పట్టాల్లోకి ఎక్కలేదు. ఆమె పేరు తెర మీద పడింది.

తన మీద తానే వేసుకున్న నవ్వు

ఇంత గట్టి మనిషి రాసిన పుస్తకం పట్టుకుంటే పొట్ట చెక్కలయ్యే నవ్వు. "అత్తగారి కథలు" ఆంధ్రదేశమంతా చదివింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆ పుస్తకానికి పురస్కారం ఇచ్చింది. ఆ కథల్లో పెత్తనమంతా అత్తగారిదే. ఆవకాయ పెట్టాలన్నా, ప్రయాణం కట్టాలన్నా ఆవిడ మాటే వేదం. కథ చెప్పే కోడలు మాత్రం నోట్లో నాలుక లేనిదానిలా పక్కన నిలబడి అంతా చూస్తుంటుంది. బయట స్టూడియోను శాసించే మనిషి, పుస్తకంలో మాత్రం అత్తగారి చాటున ఒదిగిన కోడలు పాత్రనే ఎంచుకున్నది. పెత్తనం చేసే ఆడమనిషిలోని చాదస్తం, ప్రేమ, భయం, అభిమానం ఆమెకు లోపలి నుంచి తెలుసు కనుకనే ఆ అత్తగారు అంత సజీవంగా వచ్చారు. "నాలో నేను" అనే ఆమె ఆత్మకథకు జాతీయ పురస్కారం లభించింది.

తాతమ్మ, మంగమ్మ

వయసు మీద పడ్డాక ఆమెను మన పల్లెలు కొత్తగా దగ్గరకు తీసుకున్నాయి. రామారావుగారు 1974లో తీసిన "తాతమ్మ కల"లో ఆమె తాతమ్మ. బాలకృష్ణకు అదే తొలి చిత్రం. పదేళ్ల తర్వాత 1984లో "మంగమ్మగారి మనవడు" వచ్చింది. ఆ చిత్రం ఆడినన్నాళ్లు పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద, బస్సుల మీద జనం పట్నాలకు కదిలారు. పౌరుషం గల నాయనమ్మ తెర మీద నిలబడితే, హాల్లో ఆడవారి వైపు నుంచి ఈలలకు బదులు "మన ముసలమ్మే" అన్న మాట వినిపించేది. లైలాను నేల టిక్కెట్టులో కూర్చుని చూసినవారు, మంగమ్మను మనవళ్లతో కలిసి చూశారు. 1982లో అందరూ పిల్లలే నటులుగా ఆమె స్వయంగా "భక్త ధ్రువ మార్కండేయ"కు దర్శకత్వం వహించారు.

1966లో పద్మశ్రీ, 1985లో రఘుపతి వెంకయ్య పురస్కారం, 2001లో పద్మభూషణ్ ఆమెను వరించాయి. 1986లో భర్త రామకృష్ణారావుగారు కాలం చేశారు. నలభై మూడేళ్ల కాపురం వారిది. భరణి సంస్థలో చాలా చిత్రాలకు దర్శకుడుగా ఆయన పేరు, నాయికగా ఆమె పేరు ఒకదాని తర్వాత ఒకటి తెర మీద పడేవి. భార్య పేరు ముందా భర్త పేరు ముందా అన్న పంతం ఆ ఇంట్లో రాలేదంటే, అది ఆయన నెమ్మదితనానికి కూడా దక్కవలసిన మెప్పే. గట్టి ఇల్లాలు నిలదొక్కుకున్న చోటల్లా, ఆమె గట్టిదనాన్ని చూసి చిన్నబుచ్చుకోని భర్త ఒకరు ఉంటారు.

2005 డిసెంబరు 24న చెన్నైలో భానుమతి తుదిశ్వాస విడిచారు. ఆమె పాటలు మిగిలాయి. అత్తగారి నవ్వు మిగిలింది. పాటకు గొంతు కావాలి, అది అందరికీ దేవుడు ఇవ్వడు. కాగితం పూర్తిగా చదివించుకుని, లెక్క అడిగి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో వేయడానికి మాత్రం గొంతు అక్కర లేదు. యార్డు చీటీ చేతికి వచ్చిన రోజున ఆ పని చేసే ప్రతి ఇల్లాలూ దొడ్డవరం ఆడపడుచుకు చుట్టమే.